కత్తి అక్కరలేని రోజులు

14 సెప్టెంబరు 1981, సోమవారం

ముందుగా ఒక మాట రాసుకోవాలి. ఆ మనిషి బతికినందుకు నాకు సంతోషంగానే ఉంది.

నాలుగో మంచం. చక్కెర మిల్లులో ఆవిరి గొట్టం పేలి ఒళ్ళు సగం కాలినవాడు. వారం రోజులుగా మా ఇంటెన్సివ్ వార్డులో ఉన్నాడు. పొద్దున ఏడింటికి కడుపులో నెత్తురు మొదలైంది. ముక్కులోంచి వేసిన గొట్టం నిండా ఎరుపు, గడ్డలు గడ్డలుగా. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళలో ఇది చూస్తూనే ఉంటాం. ఒళ్ళు అంతా ఒక యుద్ధంలో ఉంటే కడుపు లోపలి పొర పుండ్లు పడి పది చోట్ల కారుతుంది. నేను థియేటర్ సిద్ధం చేయమన్నాను. చేతులు కడుక్కుంటున్నాను.

అప్పుడు వచ్చింది జోరా హనాకోవా. మెడికల్ విభాగంలో రెండో డాక్టరు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ప్రాగ్‌లో ఆరు నెలలు చదువుకుని పోయిన వారమే తిరిగొచ్చింది. చేతిలో మంచుముక్కలు నింపిన థర్మాసు.

"చీఫ్ గారూ, ఒక్క ఆరు గంటలు నాకివ్వండి," అంది.

"ఆరు గంటల్లో అతని ఒంట్లో నెత్తురు మిగలదమ్మా."

"మీరు కోస్తే ఆరు గంటల్లో అతనే మిగలడు."

నర్సులందరి ముందూ అంది. గొంతైనా పెంచలేదు.

థర్మాసులో చిన్న చిన్న గాజు ఆంపూల్స్. ఏదో హార్మోను మందు. దాన్ని సెలైన్‌లో కలిపి సిరలోకి బొట్టు బొట్టుగా ఎక్కించింది. కడుపుకి వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుంటాయట. గంటకోసారి గొట్టంలోంచి నాలుగు చుక్కలు లాగి లిట్మస్ కాగితం మీద వేయించింది. ఆమ్లం కనిపిస్తే సున్నం నీళ్ళలాంటి తెల్లటి మందు పోయించింది. అంతే. దానికి డాక్టరెందుకు, ఓపిక ఉన్న ఏ మనిషైనా చేస్తాడు.

ఒంటిగంటకి గొట్టంలో నీళ్ళు గులాబీ రంగుకి వచ్చాయి. మూడింటికి తేటపడ్డాయి.

హెడ్ నర్సు బొహుంకా ఆవిడకి కుర్చీ తెచ్చి వేసింది. పందొమ్మిదేళ్ళుగా థియేటర్లో, వార్డులో నా పక్కనే ఉన్న మనిషి. నాకెప్పుడూ కుర్చీ వేయలేదు. నేను నిలబడి పనిచేసేవాణ్ణి, అది వేరే సంగతి.

సంతోషంగానే ఉంది.

17 సెప్టెంబరు, గురువారం

ఒకడికి కుదిరింది. ఒకడికి కుదరడం శాస్త్రం కాదు.

22 సెప్టెంబరు, మంగళవారం

ఇప్పటికి ముగ్గురు. ఇద్దరికి ఆగింది. మూడో ఆవిడకి దానంతటదే ఆగి ఉంటుంది, దాన్ని కూడా మందు ఖాతాలోనే వేసుకున్నారు.

ఈ రోజు థియేటర్ ఉదయం అంతా ఖాళీ. దీపం కింద బల్ల మీద పచ్చటి గుడ్డ నున్నగా పరిచి ఉంది. నేను పోయి అక్కడే ఒక నిమిషం నిలబడ్డాను. వేరే పనుండి వెళ్ళాను.

మ్రాజెక్ వచ్చి నసుగుతూ నిలబడ్డాడు. వాడికి సూది పట్టుకోవడం నేర్పింది నేను. కుట్టు ముడి బిగించే విధానం చూస్తే ఎక్కడున్నా నా శిష్యుడని చెప్పేయొచ్చు.

"చీఫ్ గారూ, బుధవారాలు డాక్టర్ హనాకోవాతో రౌండ్సుకి వెళ్ళొచ్చా?"

"ఎందుకు? చుక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటావా?"

నవ్వాడు. కానీ వెళ్తానన్న మాట వెనక్కి తీసుకోలేదు. వెళ్ళమన్నాను. నేనేం అడ్డుపడే రకం కాదు.

రాత్రి భోజనం దగ్గర క్వేతా డంప్లింగులు కోస్తూ, నా వంక చూడకుండానే, "ఈ వారంలో ఇది నాలుగోసారి నువ్వు ఆవిడ పేరెత్తడం," అంది.

"ఎవరి పేరు?"

"అదిగో, ఐదోసారి."

"నేనింకా పేరెత్తలేదు!"

"ఎత్తబోయావుగా." ముప్పై ఏళ్ళ కాపురం. నేను నోరు తెరవకముందే నా భార్యకి వినిపిస్తుంది.

"అందంగా ఉంటుందా?" అని అడిగింది తర్వాత.

అందమా! ఆ సంగతి నాకు తట్టనైనా తట్టలేదు. క్వేతా అదే భయపడుతోందని అర్థమై పెద్దగా నవ్వాను. ఆ తరహా గొడవ అయితే ఎంత తేలిక.

24 సెప్టెంబరు, గురువారం

మందు తెప్పించే దరఖాస్తు వచ్చింది. ఇది మామూలు దుకాణంలో దొరికే సరుకు కాదు, విదేశీ మందు. ప్రాగ్ గిడ్డంగి నుంచి రావాలి. ఇంటెన్సివ్ వార్డు సర్జరీ విభాగం కింద ఉంది కాబట్టి నా సంతకం లేకుండా కాగితం కదలదు. హనాకోవా తెచ్చుకున్న పెట్టెలో ఇంకా ఐదో ఆరో ఆంపూల్స్ ఉన్నాయట. సంతకం పడ్డాక వారం రోజుల్లో వస్తుందని రాసింది.

రాత ముత్యాల్లా ఉంది. డాక్టర్ల రాతలా లేదు.

పూర్తిగా చదివి సంతకం చేస్తాను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు.

27 సెప్టెంబరు, ఆదివారం

అందరూ ద్రాక్ష కోతల్లో ఉన్నారు. ఊళ్ళో గాలంతా పులుపు వాసన. కొత్త వైన్ తాగాం, తీపిగా, పొగరుగా ఉంది ఈ ఏడు.

దరఖాస్తులో రెండో పేజీ చదివాను. ఖర్చు సమర్థన సరిగా లేదు. అడుగుతాను.

29 సెప్టెంబరు, మంగళవారం

ఈ రోజు నా రోజు.

ఆరో మంచం, ట్రాక్టరు కింద పడి కాలు నుజ్జయినవాడు. ఆవిడ మందు మొదలుపెట్టి పన్నెండు గంటలు. ఆగినట్టే ఆగి పొద్దున మళ్ళీ తన్నుకొచ్చింది. రక్తపోటు యాభైకి పడింది. ఆవిడే నా గదికి పరిగెత్తుకొచ్చింది.

"మందుకి లొంగట్లేదండీ. ఒకే చోట నుంచి వస్తోంది, పెద్ద నాళం. ఇది మీదే."

ఇది మీదే. ఆ మాట చెవిలో ఇంకా ఉంది.

కడుపు తెరిచాను. చిన్న వేలి గోరంత పుండు, దాని అడుగున తెగిన నాళం గుండె కొట్టుకున్నట్టు చిమ్ముతోంది. బొటనవేలితో నొక్కాను. సూది, దారం, మూడు కుట్లు. నలభై నిమిషాలు. మ్రాజెక్ ఎదురుగా నిలబడి చూశాడు. బొహుంకా నేను అడగకముందే కత్తెర అందించింది. అతను బతుకుతాడు.

ఇంటికొస్తూ ఈల వేశానట. క్వేతా తలుపు తీస్తూ, "ఏంటీ హుషారు? ఎవరికైనా నయమైందా?" అంది.

"ఒకడికి నెత్తురు కారింది," అన్నాను.

అన్నాక ఆ మాట నాకే అదోలా వినిపించింది.  క్వేతా కోటు తీసుకుని కొక్కేనికి తగిలించింది.

2 అక్టోబరు, శుక్రవారం

హనాకోవా దరఖాస్తు కోసం వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఇంకా చదువుతున్నారా చీఫ్ గారూ? నాలుగు పేజీలేగా."

"ఖర్చు గురించి రాసింది సరిపోదు."

"దాని బదులు మూడు ఆపరేషన్లు తప్పాయని రాశాను."

"ఆపరేషన్లు తప్పడం అంటే ఏమిటమ్మా? అదేమైనా శిక్షా?"

 ఒంట్లో గడ్డ ఎక్కడుందో వెతుకుతున్నట్టు, ఆవిడ నన్ను రోగిని చూసినట్టు చూసింది.

"మంగళవారం మీరు చేసింది నేను చూశాను. ఆ మూడు కుట్లు నాకు ఏడు జన్మలెత్తినా రావు," అంది. "మందుకి లొంగని రోజు మీరుండాలి. లొంగే రోజు మందుండాలి. సంతకం పెట్టండి."

పొగడ్తతో పని చేయించుకోవడం నాకు తెలియదా. సోమవారం ఇస్తానన్నాను.

5 అక్టోబరు, సోమవారం

మీటింగులు.

6 అక్టోబరు, మంగళవారం

బ్ర్నోలో వైద్యుల సభకి హనాకోవాని మాట్లాడమని పిలిచారు. కార్డు నోటీసు బోర్డు మీద ఎవరో గుచ్చారు. మ్రాజెక్ పేరు కూడా దాని కింద ఉంది, ఇద్దరూ కలిసి చదువుతారట. నా పేరు ఎక్కడా లేదు. 1962లో వరదలప్పుడు నేను లాంతరు వెలుగులో చేసిన ఆపరేషన్ గురించి ఆ సభలోనే చెప్పాను. అప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఆ హాల్లో ఎవరికి గుర్తుంటుంది?

చక్కెర మిల్లు అతని భార్య గసగసాల రొట్టెలు తెచ్చింది. పెట్టె మీద "డాక్టర్ హనాకోవా గారికి" అని రాసి ఉంది. బొహుంకా నాక్కూడా ఒకటి తెచ్చిచ్చింది. తిన్నాను. బాగుంది. ఆ సంగతి ఎందుకు రాస్తున్నాను?

దరఖాస్తు ఇంకా సొరుగులో ఉంది. రేపు.

9 అక్టోబరు, శుక్రవారం

లిపినా ఊరి నుంచి ఒకణ్ణి తెచ్చారు. ఆంతొనీన్ రిషావీ, నలభై ఏడేళ్ళు, పీపాలు చేసేవాడు. వైన్ పులుస్తున్న నేలమాళిగలోకి కొవ్వొత్తి లేకుండా దిగాడు. అక్కడ ఊపిరాడని గాలి పేరుకుంటుందని, కొవ్వొత్తి ఆరితే వెనక్కి వచ్చేయాలని ఇక్కడ పసిపిల్లాడికి కూడా తెలుసు. లోపలే పడిపోయాడు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. బావమరిది తాడు కట్టుకుని దిగి బయటికి లాగాడు. ఇప్పుడు శ్వాస యంత్రం మీద ఉన్నాడు.

భార్య ఫిలోమేనా తలగుడ్డ మెడలోకి జారిపోయి వరండాలో నిలబడి ఉంది.

"కొవ్వొత్తి తీసుకుపొమ్మని చెప్పానండీ. ముప్పై ఏళ్ళుగా దిగుతున్నా, కొవ్వొత్తెందుకే, నా ముక్కుకి తెలుస్తుంది అన్నాడు. ఈ మనిషి ఎప్పుడైనా నా మాట విన్నాడా?" కోపంగా అంది. ఏడవడం లేదు.

12 అక్టోబరు, సోమవారం

రిషావీకి జ్వరం. ఊపిరితిత్తులు రెండూ చెడ్డాయి.

రెండో మంచం మీది ముసలాయనకి స్వల్పంగా నెత్తురు కనిపిస్తే హనాకోవా మందు ఎక్కించింది. ఆగింది.

13 అక్టోబరు, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి రిషావీకి కడుపులో నెత్తురు. ఒక్కచోట కాదు, అంతటా.

హనాకోవా ఫ్రిజ్ తలుపు తీసి, అలాగే నిలబడింది. ఖాళీ. చివరి రెండు నిన్న రెండో మంచానికి వాడింది. తలుపు మూసి, మళ్ళీ తీసింది, ఈసారి ఉంటాయేమోనన్నట్టు. బ్ర్నోకి ఫోన్ చేసింది, వాళ్ళ దగ్గర లేవు. ప్రాగ్‌కి చేసింది, కాగితం లేకుండా ఇవ్వలేమన్నారు.

"కాగితం ఇరవై నాలుగునే పంపాను," అంటోంది ఫోన్లో. "మా చీఫ్ గారి దగ్గర నుంచి మీకు ఇంకా రాలేదా?"

నేను పక్కన నిలబడి విన్నాను. తల ఊపాను. ఆఫీసువాళ్ళు ఎక్కడో పారేసి ఉంటారు అన్నట్టు ఊపాను.

చల్లటి నీళ్ళతో కడుపు కడిగారు, తెల్లమందు పోశారు, నాలుగు సీసాల నెత్తురు ఎక్కించారు. ఎంత ఎక్కిస్తే అంత బయటికి వచ్చింది.

మధ్యాహ్నం నా గదికెళ్ళి సొరుగు తీశాను. సంతకం పెట్టాను. దాని కింద తేదీ వేయాలి. 5 అక్టోబరు అని వేశాను. ఇస్తానన్న సోమవారం తేదీ వేయడం పద్ధతే.

బొహుంకాని పిలిచి ఆఫీసుకి పంపమన్నాను. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని, బొటనవేలు ఆనించి, వేలు చూసుకుంది.

"చీఫ్ గారూ, సిరా ఇంకా ఆరలేదు," అంది.

"ఊదుకో."

ఊదలేదు. రెండు చివర్లూ పట్టుకుని, జాగ్రత్తగా, నీళ్ళు నిండిన పళ్ళెం మోస్తున్నట్టు తీసుకెళ్ళింది.

14 అక్టోబరు, బుధవారం

ఇంకో దారి లేక కోశాను. నాళం ఒకటైతే కట్టొచ్చు. లోపలంతా తడి స్పంజిలా ఉంది, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ కారింది. కడుపులో ముప్పాతిక భాగం తీసేశాను. రెండు గంటల పది నిమిషాలు. నా చేతులు ఒక్క తప్పు చేయలేదు. అది మాత్రం ఎవరైనా రాసుకోవచ్చు. ఒక్క తప్పు చేయలేదు.

15 అక్టోబరు, గురువారం

ఆంతొనీన్ రిషావీ మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి పోయాడు.

ఊపిరితిత్తులు అలా ఉన్నవాడు ఎలాగూ బతికేవాడు కాదు.

16 అక్టోబరు, శుక్రవారం

ఎలాగూ బతికేవాడు కాదు.

18 అక్టోబరు, ఆదివారం

క్వేతా అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాం. బాతు వేపుడు, ఎర్ర క్యాబేజీ. బావగారు చీట్లాటలో మూడు ఆటలు గెలిచారు. "మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అని అక్క అడగడం వంటింట్లోంచి వినిపించింది. "పోయినోళ్ళ గురించి ఆలోచిస్తాడు," అంది క్వేతా. మంచి మాటే అంది. నిజం కూడా.

21 అక్టోబరు, బుధవారం

మరణాల మీద సమీక్ష. డైరెక్టరు స్త్రుహాల్ బల్ల చివర కూర్చుని పెన్సిల్ దొర్లిస్తున్నాడు. అన్ని విభాగాలవాళ్ళూ ఉన్నారు.

"కామ్రేడ్ హనాకోవా, మందు ఎందుకు లేదు?"

నేను గొంతు సవరించుకున్నాను. ఎందుకో తెలియదు. 

ఆవిడ లేచి నిలబడింది. "దరఖాస్తు ఎక్కడో ఆగింది. చీఫ్ గారి సంతకం ఐదో తేదీతోనే ఉంది. ఎక్కడ ఆగిందో నేను వెంటపడి కనుక్కోవాల్సింది. అది ఒకటి. రెండోది, చివరి రెండు ఆంపూల్స్ నేను రెండో మంచానికి వాడాను. ఆయనకి అవి లేకపోయినా ఆగేది. నిల్వ ఎంతుందో చూసుకోకుండా వాడాను. అది నా అంచనా తప్పు. రిషావీ విషయంలో బాధ్యత నాది."

గొంతు ఒక్కచోట తగ్గింది. రిషావీ అన్న చోట.

డైరెక్టరు రాసుకున్నాడు. "బ్ర్నో ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు. "ఈ పరిస్థితుల్లో బాగుండదు."

మ్రాజెక్ నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. పెద్దవాణ్ణి, ఆవిడ తరఫున ఒక మాట అంటానని వాడి ఆశ.

బొహుంకా గోడ పక్కన నిలబడి ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు. నన్ను ఎలా చూడకూడదో పందొమ్మిదేళ్ళలో నేర్చుకున్నట్టు, కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

నేనేమీ అనలేదు.

22 అక్టోబరు, గురువారం

బోర్డు మీద కార్డు తీసేశారు. నేను కోరుకున్నది ఇదేనేమో.

23 అక్టోబరు, శుక్రవారం

పైన రాసిన వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉంచాను.

26 అక్టోబరు, సోమవారం

రిషావీ భార్య ఫిలోమేనా వచ్చింది. నల్ల బట్టలు, చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. వాల్‌నట్లు, ఒక సీసా ఎర్ర వైన్, వాళ్ళాయన చేసిన చిన్న చెక్క గరాటు.

"చివరిదాకా చేతులు వదిలేయలేదు కదా మీరు," అంది. "రెండు గంటలు నిలబడి కోశారని నర్సమ్మ చెప్పింది. ఆ ఇంకో డాక్టరమ్మేమో మందు అయిపోగొట్టుకుందట. ఊళ్ళో అందరూ అంటున్నారు. మీరు మాత్రం ఎంత చేయాలో అంతా చేశారు."

నేను బుట్ట తీసుకున్నాను. రెండు చేతులతో తీసుకున్నాను. "మీకు శక్తి కలగాలి" అని కూడా అన్నాను.

ఆవిడ వెళ్ళాక చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. మోచేతుల దాకా, ఆపరేషన్‌కి ముందు కడిగినట్టు. ఎంతసేపు కడిగానో. నీళ్ళు చల్లబడిపోయాయి.

వైన్ తెరవలేదు.

27 అక్టోబరు, మంగళవారం

క్వేతాకి చెప్పాను. మొత్తం. తేదీ సంగతి కూడా.

ఆవిడ బల్ల తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. ఒకేచోట తుడుస్తూ ఉంది.

"నేను ఇది ఆడదాని గొడవని భయపడ్డాను," అంది చివరికి. "ఆడదాని గొడవే అయి ఉంటే బాగుండేది వోయ్‌త్యెఖ్. ఒక మనిషి పోయేవాడు కాదు."

"ఎలాగూ బతికే..."

"ఆ మాట ఇంట్లో మళ్ళీ అనకు."

28 అక్టోబరు, బుధవారం

డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. దరఖాస్తు పందొమ్మిది రోజులు నా సొరుగులో ఉందని, తేదీ అబద్ధమని చెప్పాను.

స్త్రుహాల్ లేచి తలుపు మూశాడు.

"కుబేనా, నువ్వు అలిసిపోయావు. కార్లోవీ వారీ వేడినీటి బుగ్గలకి వెళ్ళు, మూడు వారాలు ఆ నీళ్ళు తాగు, పోతుంది."

"నేను పోగొట్టుకోవడానికి రాలేదు."

"సంతకం ఉంది, తేదీ ఉంది. హనాకోవా ఒప్పుకుంది. ఎవరి ఉద్యోగం వాళ్ళకుంది. నువ్విప్పుడు దీన్ని తవ్వితే నాకు జిల్లా నుంచి మనుషులొస్తారు. నీకేం వస్తుంది?"

కాగితం మీద రాసిచ్చాను. ఈ రోజు తేదీ వేశాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. బల్ల మీదే వదిలేసి వచ్చాను. బయట ఆయన కార్యదర్శికి దాని నకలు ఒకటి ఇచ్చి రసీదు తీసుకున్నాను. నన్ను నేను నమ్మలేక.

29 అక్టోబరు, గురువారం

హనాకోవా ఇంటెన్సివ్ వార్డు చివర సెలైన్ సీసాలు సర్దుతోంది. చెప్పాను. ఇంతకంటే కష్టమైన ఆపరేషన్ నేను చేయలేదు.

విని, చేతిలో సీసా కింద పెట్టింది.

"నేను పదిహేను రోజులుగా నిద్రపోలేదు," అంది. "కళ్ళు మూస్తే ఆ ఫ్రిజ్ తలుపే. రెండో మంచం ముసలాయన నవ్వుతూ పలకరిస్తే ఆయన మొహం చూడలేకపోయాను. ఎందుకు బతికావన్నట్టు చూశాను. డాక్టర్నై ఉండి ఒక రోగిని అలా చూశాను. మీకు తెలుసా అది?"

"క్షమించమని అడగడానికి..."

"నన్నడక్కండి. నాకేం అక్కర్లేదు అది." మొహం తెల్లగా పాలిపోయింది. "మీరు చెప్పాల్సింది లిపినాలో. ఆవిడ నా పేరు చెప్పి ఊళ్ళో తిడుతోంది. తిట్టనివ్వండి, కానీ నిజం తెలిసి తిట్టమనండి. వెళ్ళి చెప్పండి."

సీసా మళ్ళీ ఎత్తింది. అందులో గాలిబుడగ ఉందేమో వెలుతురుకి పెట్టి చూసింది. నేనింకా అక్కడే ఉన్నానని మర్చిపోయినట్టు.

31 అక్టోబరు, శనివారం

పది గంటల బస్సుకి లిపినా వెళ్ళాను. ఆవిడ రేపటి సమాధుల పండక్కి పెరట్లో పూలచెండు కడుతోంది, ఫర్ చెట్టు కొమ్మలూ తెల్ల చామంతులూ. నన్ను చూసి గబగబా చేతులు తుడుచుకుని, "అయ్యో డాక్టరుగారూ, లోపలికి రండి, టీ పెడతాను," అంది.

"ముందు వినండమ్మా. తర్వాత టీ ఇస్తారో లేదో మీ ఇష్టం."

వంటింట్లో కూర్చున్నాం. ఎలాంటి మందు, ఎందుకు రాలేదు, కాగితం ఎవరి సొరుగులో ఉంది, అన్నీ చెప్పాను. రోగి బంధువులకి చెప్పే పద్ధతిలో, తడబడకుండా చెప్పాను. అది నా వృత్తి. 

 పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. ఇద్దరం లేవలేదు.

"ఆ మందుంటే బతికేవాడా?"

ఎలాగూ అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగాను.

"తెలియదమ్మా. ఊపిరితిత్తులు బాగా చెడ్డాయి. నెత్తురు మాత్రం ఆగి ఉండొచ్చు. సగం అవకాశం ఉండేదేమో. అది నేను లేకుండా చేశాను."

"ఎందుకు?" గట్టిగా అడగలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. "మా ఆయన మీకేం చేశాడు? మిమ్మల్ని చూడనైనా చూడలేదే."

"ఆయన కాదమ్మా. ఆ డాక్టరమ్మ. ఆవిడ కత్తి లేకుండా నెత్తురు ఆపుతోంది. నాకు అసూయ."

ఈ పుస్తకంలో నేను ఇన్నాళ్ళూ రాయని మాట, ముక్కూమొహం తెలియని మనిషి వంటింట్లో అన్నాను.

"అసూయా?" అంది. "మీ వయసెంత?"

"యాభై నాలుగు."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియని ఒక చప్పుడు చేసింది. లేచి కెటిల్ దించింది. టీ పోయలేదు.

"ఊరంతా ఆవిణ్ణి తిట్టాను నేను. పాలకేంద్రం దగ్గర, చర్చి దగ్గర. ఇప్పుడు మళ్ళీ ఊరంతా తిరిగి, కాదు, తప్పు ఈయనది అని చెప్పాలా? మా ఆయన చావుని నేను ఎన్నిసార్లు చెప్పుకు తిరగాలి డాక్టరుగారూ?"



"నేను చెప్తాను," అన్నాను. "పాలకేంద్రం దగ్గర కూడా చెప్తాను."

"చెప్పండి. ఇప్పుడే. పన్నెండింటికి అందరూ అక్కడికొస్తారు."

ఆవిడ నాతో రాలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. నేను పాలకేంద్రం దగ్గర, డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ పది పదిహేను మందికి చెప్పాను.  ఒక ముసలావిడ నేలమీద ఉమ్మింది. ఆ బావమరిది, తాడు కట్టుకుని దిగినవాడు, నా దగ్గరికి వచ్చి, కొడతాడనుకున్నాను, "నేను కూడా అరగంట ముందు దిగాల్సింది," అని వెళ్ళిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది.

6 నవంబరు, శుక్రవారం

జిల్లా నుంచి ఇద్దరొచ్చారు. నకలు, రసీదు, బొహుంకా వాంగ్మూలం. బొహుంకా సిరా సంగతి చెప్పింది. చెప్పేముందు నన్ను చూసి, "అడిగారు కాబట్టి చెప్తున్నాను చీఫ్ గారూ," అంది. ఆ పిలుపు అదే చివరిసారి.

13 నవంబరు, శుక్రవారం

చీఫ్ పదవి పోయింది. మామూలు సర్జన్‌గా ఉండొచ్చు, ఏడాదిపాటు ఒంటరిగా కోయకూడదు. కేసు ప్రాసిక్యూటర్ దగ్గరుంది. మ్రాజెక్‌ని తాత్కాలికంగా చీఫ్ చేశారు. వాడు నా గదిలోకి మారడానికి సిగ్గుపడి వరండాలోనే పని చేస్తున్నాడు. నా పెట్టెలు నేనే తీసుకెళ్ళాను.

సమీక్ష గొడవలో ఆగిన మందు వచ్చింది. నలభై ఆంపూల్స్.

18 నవంబరు, బుధవారం

బ్ర్నోలో హనాకోవా మాట్లాడింది. ప్రసంగం చివర లేచి నిలబడ్డారట. మ్రాజెక్ వచ్చి చెప్పాడు, నేను అడిగినందుకు. అడక్కుండా ఉండలేకపోయాను.

ఒళ్ళు మండింది. ఇంకా మండుతోంది. ఇంత జరిగాక పోతుందనుకున్నాను. పోలేదు.

24 నవంబరు, మంగళవారం

ఊళ్ళో ఫ్లూ. నర్సులు సగం మంది రాలేదు. తుంటి ఎముక విరిగి, ఆపైన ఒళ్ళంతా విషం పాకిన దర్జీ ముసలావిడ, అనెష్కా అట పేరు, ఐదో మంచం మీద ఉంది. పొద్దున ఆరింటికి కడుపులో నెత్తురు. హనాకోవా మందు పెట్టింది. పక్కన కూర్చోడానికి మనిషి లేదు.

వార్డంతా చూసి, నా దగ్గరికి వచ్చింది. లిపినా తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు.

"నిమిషానికి పద్దెనిమిది చుక్కలు. గంటకోసారి గొట్టం చూడండి. గుండె వేగం తగ్గినా, ఛాతీలో నొప్పి అన్నా నన్ను పిలవండి. మీరుగా ఏమీ మార్చొద్దు."

"మార్చను."

ఏడింటి నుంచి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఒక రోగి పక్కన ఇంతసేపు ఊరికే కూర్చోలేదు. చుక్క పడుతుంది, ఆగుతుంది, ఇంకోటి పడుతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వాటికి పనిలేదు. వెళ్ళి కోసేస్తే నలభై నిమిషాల్లో తేలిపోతుంది అని నాలుగైదుసార్లు అనిపించింది. కోస్తే చచ్చిపోతుంది, అదీ తెలుసు. ఆగిపోవాలని కోరుకున్నాను. ఆగకూడదని కూడా, ఎక్కడో ఒక మూల, కోరుకున్నాను. ఇక్కడ నా ఒక్కడి కోసం రాసుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను.

పదిన్నరకి గొట్టంలో ఎరుపు పలచబడింది. పన్నెండూ నలభైకి నీళ్ళు తేట.

ఒంటిగంటప్పుడు ముసలావిడ కళ్ళు తెరిచింది. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వెవరయ్యా?"

నోరు తెరిచాను. చాలా పేర్లు తట్టాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్నకి ఒకటే జవాబు చెప్పాను.

"డాక్టర్ హనాకోవా గారి దగ్గర పనిచేస్తాను," అన్నాను.

"ఆహా. అయితే ఆవిణ్ణి పిలువు నాయనా. నీతో ఏం మాట్లాడతాను?"

దూది తడిపి ఆవిడ పెదాలు తుడిచాను. లేచి, వరండా చివరిదాకా వెళ్ళి, పిలిచాను.